దేనికీ తగిలించని బ్రేకరు

ఆ ఏడు జూన్‌లో, ఒకే వారంలో, మా విద్యుత్ సంస్థ ప్రధాన కార్యాలయం నుంచి కొమిరపూడి సబ్‌స్టేషన్‌కి రెండు సర్క్యులర్లు వచ్చాయి.

మొదటిది మూడో అంతస్తులోని భద్రతా విభాగం పంపింది. “సరఫరా నిలిపివేయకుండా ఏ బ్రేకరునూ పరీక్షించరాదు.” రెండోది నాలుగో అంతస్తులోని వినియోగదారుల సంతృప్తి విభాగం పంపింది. “పరీక్షల నిమిత్తము ఏ బ్రేకరు సరఫరానూ నిలిపివేయరాదు.” రెండింటి చివరా ఒకటే మాట: “ప్రతి బ్రేకరునూ నెలకొకమారు విధిగా పరీక్షించి నివేదిక పంపవలెను.”

బ్రేకరంటే బీరువా అంత పెట్టె. చక్రాల మీద ఉంటుంది. ఊళ్లకు వెళ్లే ఒక్కో లైనుకు ఒక్కోటి. లైను మీద తీగ తెగినా, చెట్టు కూలినా రెప్పపాటులో తనంతట తనే కరెంటు ఆపెయ్యడం దాని పని. మిగతా కాలమంతా ఊరికే నిలబడి ఉండటమే. మా దగ్గర ఐదున్నాయి. ఇరవయ్యారేళ్లుగా అక్కడ షిఫ్ట్ ఆపరేటరుగా ఉన్న నా ఉద్యోగం కూడా ఇంచుమించు అలాంటిదే కనుక వాటి మీద నాకు కాస్త బంధుప్రీతి ఉంది.

మా అసిస్టెంట్ ఇంజనీరు కుసుమకుమారి గారికి అప్పటికి ముప్పయ్యేళ్లు నిండలేదు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కనే పెట్టుకుని చాలాసేపు చూసింది.

“నాయుడు గారూ, వీటి ప్రకారం మనం ఏం చెయ్యొచ్చంటారు?”

“నివేదిక పంపొచ్చండి,” అన్నాను.

ఆవిడకి నా అనుభవం మీద గౌరవం ఉంది గానీ సలహా నచ్చలేదు. స్పష్టత కోరుతూ రెండు అంతస్తులకూ ఉత్తరం రాసింది. నలభై రోజులకు జవాబొచ్చింది. రెండు ఉత్తర్వులూ పరస్పర పూరకములనీ, రెండింటినీ తు.చ. తప్పక పాటించవలెననీ, ఇకముందు ఇటువంటి సందేహములు కలుగకుండా చూసుకొనవలెననీ అందులో ఉంది.

జవాబు వెనకాలే సూపరింటెండింగ్ ఇంజనీరు దివాకరం గారు జీపులో దిగారు. దివాకరం గారు ముప్పయ్యేళ్లు డ్రాఫ్టులు చెప్పి రాయించి రాయించి, మామూలు మాటల్లో కూడా కామాలూ ఫుల్‌స్టాపులూ పలికేవారు.

“సమస్య ఎక్కడుంది? బ్రేకరుకు సరఫరా ఉండటంలో ఉంది,” అన్నారు. “సరఫరాయే లేని బ్రేకరును పరీక్షించినచో, కామా, ఏ ఉత్తర్వునూ ఉల్లంఘించినట్లు కాదు, ఫుల్‌స్టాప్.”

“సరఫరా లేని బ్రేకరు మన దగ్గర లేదు కదండీ,” అంది కుసుమ గారు.

“తెప్పిద్దాం.”

దసరా వెళ్లిన వారానికి లారీలో కొత్త బ్రేకరు దిగింది. మా ఐదింటికీ తోబుట్టువు లాంటిది, అదే మోడలు. పాత బ్యాటరీలు పడేసుకునే గది ఖాళీ చేయించి, టైల్స్ వేయించి, ఏసీ పెట్టించి అందులో నిలబెట్టారు. దేనికీ తగిలించలేదు. తలుపు మీద ‘పరీక్షా బ్రేకరు – అనుమతి లేనిదే తాకరాదు’ అని బోర్డు కట్టారు. నెలనెలా పరీక్షల బృందం వచ్చి దాన్ని ఐదుసార్లు పరీక్షించేది. ఒకటో నంబరు తరఫున ఒకసారి, రెండో నంబరు తరఫున ఒకసారి, అలా. ఐదుసార్లూ ‘అత్యుత్తమం’ అని వచ్చేది.

“ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాస్తే డిబార్ చేస్తారు కదండీ సార్?” అని అడిగింది కుసుమ గారు.

“అది విద్యార్థులకు. ఇది విద్యుత్తుకు,” అన్నారు దివాకరం గారు.

డిసెంబరులో జోన్ మొత్తానికి ఉత్తమ పరీక్షా ఫలితాల పురస్కారం మాకే వచ్చింది. పెద్దాఫీసు నుంచి వచ్చినాయన ఎవరికి కప్పాలో తెలియక బ్రేకరుకే శాలువా కప్పి, ఫొటో దిగి, భోంచేసి వెళ్లారు. జనవరి నుంచి పక్క జిల్లాల ఇంజనీర్లు జట్లుజట్లుగా వచ్చి చూసిపోవడం మొదలైంది. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలన్న నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. అందరూ విడిచేవారు.

అసలు బ్రేకర్లు ఐదూ మాత్రం పక్క హాల్లో ఉక్కలో నిలబడి ఉండేవి. వాటిలో మూడో నంబరు మరీ పాతది. దాని లోపలి గ్రీజు గడ్డకట్టి తారులా అయ్యుంటుందని కుసుమ గారి అనుమానం. చూడాలంటే తలుపు తియ్యాలి. తియ్యాలంటే సరఫరా ఆపాలి. ఆవిడ పదకొండు ఉత్తరాలు రాసింది. పదకొండింటికీ ఒకే జవాబు: “మూడవ నంబరు బ్రేకరు గత నెల పరీక్షలో అత్యుత్తమముగా ఉత్తీర్ణత చెందియున్నది.”

ఏప్రిల్‌లో ఒక పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది. లైన్‌మ్యాన్ సన్యాసి. మా ఇద్దరిదీ బావా బావా అని పిలుచుకునే చనువు.

“బావా! తీగ తెగి రోడ్డు మీద పడిపోనాది! బుసలు కొడతంది! కరెంటు ఆపీ, బావా!”

మూడో లైను. తీగ తెగగానే బ్రేకరు దానంతటది విడిపోవాలి. విడిపోలేదు. నేను లేచి వెళ్లి ఎర్ర మీట నొక్కాను. మీటరులో సూది కదల్లేదు. మళ్లీ నొక్కాను. మూడోసారి రెండు బొటనవేళ్లతో నొక్కాను. లోపల ఏదో మూలిగింది గానీ విడలేదు. ఇక లాభం లేదని పరుగెత్తి వెళ్లి సబ్‌స్టేషన్ మొత్తానికీ మెయిన్ ఆపేశాను. అన్నీ కలిపి రెండున్నర నిమిషాలు.

ఆ రెండున్నర నిమిషాలూ సన్యాసి తన సైకిలు రోడ్డుకు అడ్డంగా పెట్టి, ఒక ఆటోనీ బడికెళ్లే పిల్లలనీ అరిచి ఆపాడు. మేకని ఆపలేకపోయాడు.

కుసుమ గారూ నేనూ వెళ్లేసరికి సన్యాసి కల్వర్టు గట్టు మీద కూర్చుని ఉన్నాడు. బీడీ వెలిగించుకోబోతున్నాడు, అగ్గిపుల్ల నిలవడం లేదు. మేక తాలూకు అప్పలమ్మ రోడ్డు మీద కూలబడి ఏడుస్తోంది.

“ఆ మేక నా కాళ్ల సందునించే ఎల్లిందమ్మా,” అన్నాడు సన్యాసి. “తోక తగిలింది. నాను అడుగేసుంటే నానే.”

అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని కుసుమ గారే వెలిగించింది.

వారం తిరక్కుండా నాకు మెమో వచ్చింది. ఒక్క లైను ఆపవలసిన చోట ఐదు లైన్లు ఆపి వినియోగదారుల సంతృప్తికి భంగము కలిగించితినట. మేక సంగతి కుసుమ గారు రాస్తే, మేక మృతి పశుసంవర్ధక శాఖ పరిధిలోనిదని దివాకరం గారు తిరిగి రాశారు. ఆ నెల మూడో నంబరు బ్రేకరు పరీక్షా ఫలితం వచ్చింది. అత్యుత్తమం.

మే నెలలో ఒక మధ్యాహ్నం రెండు గంటలకు ఈదురుగాలి లేచింది. గాలి వెనక వాన. మాకు కరెంటు తెచ్చే పెద్ద లైనుకే స్తంభాలు ఒరిగాయి. సబ్‌స్టేషన్ మొత్తం చల్లబడిపోయింది. సాయంత్రం ఆరయ్యేదాకా రాదని కబురొచ్చింది. నేను కిటికీలు మూసుకుంటుంటే కుసుమ గారు స్కూటీ మీద తడిసి ముద్దయి వచ్చింది. వెనక సన్యాసి.

“నాయుడు గారూ, ఇప్పుడు సరఫరా ఎవరు ఆపారు?”

“వరుణ దేవుడండీ.”

“ఆయనకి మన సర్క్యులర్ వర్తిస్తుందా?”

“ఆయన మన సంస్థ ఉద్యోగి కాడండీ.”

“అయితే ఆ ఏసీ గది తాళం ఇవ్వండి.”

నేను తాళం ఇవ్వడానికి ముందు ఒక్క క్షణం ఆలోచించాను. నా రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుంది. మరుక్షణం సన్యాసి ముఖం చూశాను. తాళం ఇచ్చేశాను.

ఎర్తింగ్ అదీ చేశాక ముగ్గురం కలిసి మూడో నంబరు బ్రేకరును బయటికి లాగాం. ఆవిడ తలుపు తీసి వేలితో గీకితే గ్రీజు పెచ్చులుగా ఊడింది. లోపల బల్లి ఒకటి ఎండిపోయి ఉంది. ఏసీ గదిలో ఉన్నదాన్ని తోసుకొచ్చి ఆ ఖాళీలో నిలబెట్టాం. ఆవిడ దాన్ని ఇరవైసార్లు కలిపి, ఇరవైసార్లు విడదీసింది. ప్రతిసారీ ‘టక్’. వినడానికి హాయిగా ఉంది. సన్యాసి పక్కన నిలబడి లెక్కపెట్టాడు. పాతదాన్ని గుడ్డతో తుడిచి ఏసీ గదిలోకి తోశాం. బాగుండదని శాలువా కూడా కప్పాం.

ఆరింటికి కరెంటు వచ్చేసరికి పని అయిపోయింది. కుసుమ గారు చేసినదంతా, టైముతో సహా, ఉన్నది ఉన్నట్టు లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెట్టింది. లాగ్‌బుక్ ఎవరూ చదవరు కనుక రహస్యం భద్రంగా ఉంది.

జూన్ పరీక్షలో ఏసీ గదిలోని పాత బ్రేకరుకు ఐదుసార్లూ ‘అత్యుత్తమం’ వచ్చింది.

జులైలో పక్క జిల్లా నుంచి ఒక బృందాన్ని దివాకరం గారే స్వయంగా వెంటబెట్టుకొచ్చారు. అందరూ చెప్పులు విడిచి లోపలికి వెళ్లారు. బృందం పెద్దాయన ముచ్చటపడి, “ఒకసారి ఆపి చూడొచ్చాండీ?” అని ఎర్ర మీట నొక్కారు. బ్రేకరు విడలేదు. మళ్లీ నొక్కారు. మూలిగింది. నేను గోడవైపు చూస్తూ నిలబడ్డాను.

దివాకరం గారు ఒక్కసారి గొంతు సవరించుకున్నారు.

“గమనించితిరా! ఎంతటి ఒత్తిడి వచ్చిననూ, కామా, సరఫరాను ఆపుటకు ససేమిరా అంగీకరించని దృఢ సంకల్పము! ఇదే నిరంతరాయ సరఫరా అనగా, ఫుల్‌స్టాప్.”

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన చెయ్యి బ్రేకరు మీద ఆప్యాయంగా వేసి, తమకూ ఇటువంటిది కావాలని, కొనుగోలు కాగితాల కోసం దాని సీరియల్ నంబరు రాయించుకున్నారు. అక్కడే వచ్చింది తంటా. ఆ నంబరు గల బ్రేకరు పద్దెనిమిదేళ్ల కిందట కొన్నదనీ, ఊళ్లకు కరెంటు ఇస్తున్నదనీ కొనుగోలు విభాగం జవాబిచ్చింది. అప్పుడు మొట్టమొదటిసారిగా లాగ్‌బుక్ తెరిచారు.

కుసుమ గారి మీద మూడు అభియోగాలు. ఒకటి, పరీక్షా బ్రేకరును బ్రేకరుగా వాడుట. రెండు, దాని వలన ఆ బ్రేకరు అరుగుదలకు లోనగుట. మూడు, వర్షమును అనుమతిగా భావించుట. విచారణాధికారి దివాకరం గారే. ఫిర్యాదు చేసినవారే విచారణ కూడా జరిపితే విషయం మళ్లీ వివరించే శ్రమ తగ్గుతుందని పెద్దాఫీసు ఉద్దేశం.

ఆగస్టులో ఒక సోమవారం, పదకొండు గంటలకు, మా కంట్రోల్ రూములోనే విచారణ. గుమాస్తా సెలవులో ఉండటం వల్ల నన్నే రాయమన్నారు.

“పరీక్షా బ్రేకరును మీరు వినియోగించినట్లు అంగీకరిస్తారా?”

“అంగీకరిస్తానండి. మూడో లైనుకి.”

“అది వినియోగార్థము తెచ్చినది కాదని మీకు తెలియదా?”

“మరి దేనికండి?”

“పరీక్షకు.”

“పరీక్ష దేనికండి?”

“ప్రశ్నలు అడుగవలసినది విచారణాధికారి, ఫుల్‌స్టాప్. నాయుడూ, చివరి రెండు ప్రశ్నలూ రాయవద్దు.”

ఆయన మూడో ప్రశ్నకు నోరు తెరిచారు. పక్క హాల్లోంచి ‘టక్’ మంది.

ఒక్కటే చప్పుడు. మూడో నంబరు సూది సున్నాకి పడిపోయింది. కుసుమ గారు కుర్చీలోంచి సగం లేచింది. ముగ్గురం ఫోనువైపు చూశాం. నాలుగు నిమిషాలకు మోగింది. అందరికీ వినబడేలా స్పీకరు నొక్కాను.

“బావా, సన్యాసిని. జీడిపప్పు ఫ్యాక్టరీ కాడ ఎదురుబొంగుల లారీ స్తంభాన్ని గుద్దీసింది. తీగలు తెగి ఆటో మీద పడిపోనాయి. ఫ్యాక్టరీకెల్లే ఆడోళ్లు, తొమ్మిదిమంది ఉన్నారు అందుల.”

కుసుమ గారు బల్ల అంచు పట్టుకుంది. “సన్యాసీ… వాళ్లు?”

“ఎవులికీ ఏటీ అవనేదమ్మా! తీగ మీద పడీసరికే సచ్చిపోయుంది అది. ఇనప ఆటో, ఒక్కరికి చురుక్కు కూడా అన్నేదు. దిగి, లారీ డ్రైవర్ని తిడతన్నారు.”

ఆవిడ కూర్చుంది. చీర కొంగుతో ముఖం ఒత్తుకుంది. దివాకరం గారు కూడా కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడుచుకోవడం అయ్యాక పెట్టుకున్నారు.

“రాయి నాయుడూ. నాలుగవ అభియోగము. సదరు బ్రేకరు, కామా, విచారణ జరుగుచున్న సమయమున సైతము, కామా, సరఫరాకు అంతరాయము కలిగించుట.”

నా ఇరవయ్యారేళ్ల సర్వీసులో అధికారి చెప్పింది రాయకుండా కలం కింద పెట్టడం అదే మొదలు. “ఆటోలో తొమ్మిదిమంది ఉన్నారండి,” అన్నాను.

“వారికి ఏమైనా అయినదా?”

“లేదండి.”

“ప్రమాదమే జరగలేదు కదా. జరగని ప్రమాదమును నివారించినట్లు రుజువేది? రాయి.”

రాశాను. రాస్తుండగానే ఆయన సూదిని చూశారు. సున్నా దగ్గరే ఉంది. ఆయన ముఖం ఒక్కసారిగా వెలిగింది.

“ఇప్పుడు మూడో లైనుకు సరఫరా లేదు కదా! మనం ఆపలేదు కదా! ఆనాడు మీరు వర్షం చూసుకుని మార్చినట్లే, ఈనాడు లారీ చూసుకుని తిరిగి మార్చవచ్చు. నా డ్రైవరునూ వాచ్‌మన్‌నూ పిలవండి. పాతదాన్ని దాని స్థానంలో పెట్టండి. తక్షణం!”

మాట కాదనడానికి లేదు, ఆయన లెక్క తప్పు కాదు. వాచ్‌మన్ అప్పుడే ఏసీ గది తాళం తీస్తున్నాడు. అంతలో మళ్లీ సన్యాసి.

“అమ్మా, స్తంభం ఎక్కాల. లైన్ క్లియర్ ఇచ్చీ.”

లైన్ క్లియర్ అంటే మాట ఇవ్వడం. మనిషి లైను మీద ఉన్నాడు, అతను దిగి తన నోటితో చెప్పేదాకా ఎవరూ దాని జోలికి పోరు అని. కుసుమ గారు హాల్లోకి వెళ్లింది. బ్రేకరు ట్రాలీ బయటికి లాగి, లైనుకు ఎర్త్ వేసి, తాళం బిగించి, ‘మనుషులు పనిచేయుచున్నారు’ అన్న పలక తగిలించింది. తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని వచ్చి కూర్చుంది. ఫోనులో సన్యాసికి ఆ లైన్ క్లియర్ నంబరు చెప్పింది. అతను తిరిగి చెప్పాడు.

డ్రైవరూ వాచ్‌మన్నూ పాత బ్రేకరును గుమ్మం దాకా తోసుకొచ్చి నిలబడ్డారు. శాలువా జారి చక్రాల్లో చిక్కుకుంది.

“సార్, మనిషి స్తంభం మీద ఉన్నాడు,” అంది ఆవిడ. గొంతు పెంచలేదు. “అతను దిగేదాకా దీన్ని ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదు.”

దివాకరం గారు ఆమె వైపు చూశారు. ఆయనా ఒకప్పుడు లైన్ల మీద పనిచేసినవారే. ఎన్ని ఫుల్‌స్టాపులున్నా ఈ మాటకి ఎదురు చెప్పలేదు. “సరే, దిగనివ్వండి,” అని కుర్చీలో వెనక్కి వాలారు. “దిగిన మరుక్షణం మార్చాలి.”

గంటన్నర పట్టింది. ఆయన బిస్కెట్లు తిన్నారు. రెండుసార్లు టీ తాగారు. “ఒకసారి ఫోను చేసి కనుక్కోకూడదూ?” అన్నారు నాతో. స్తంభం మీద ఉన్న మనిషికి ఫోను చెయ్యకూడదండీ అన్నాను. అదీ నిజమేనన్నారు.

ఒంటిగంట దాటాక ఫోను మోగింది.

“పని అయిపోనాదమ్మా. నానూ నా మనుసులూ అందరం దిగీసినాం. ఎర్త్ తీసీసినాం. లైను ఇచ్చీవచ్చు.”

“అందరూ దిగారా? లెక్క చూసుకున్నావా?”

“నలుగురం. నలుగురమూ కిందే ఉన్నాం.”

కుసుమ గారు ఫోను నా చేతిలో పెట్టి హాల్లోకి నడిచింది. దివాకరం గారు లేచి చొక్కా సర్దుకుని, డ్రైవరుకి సైగ చేసి వెనకే బయల్దేరేసరికి ఆవిడ తాళం తీసింది, పలక తీసింది, ఎర్త్ విప్పింది, ట్రాలీ లోపలికి తోసింది.

“ఆగండి, ఆగండి, మార్చవలసినది…”

ఆవిడ ఆకుపచ్చ మీట నొక్కింది. ‘టక్’. సూది లేచి నిలబడింది.

“ఇప్పుడు సరఫరా ఉందండి,” అంది ఆవిడ. “మార్చాలంటే ఆపాలి. ఆపమని రాసి ఇవ్వండి. ఈ నిమిషమే ఆపుతాను.”

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి కాగితం తీసుకున్నారు. కలం మూత తీశారు. రాయడానికి వంగి అలాగే ఉండిపోయారు. నాలుగో అంతస్తు కళ్ల ముందు కనబడిందనుకుంటాను. ఆపకుండా మార్చమని రాద్దామంటే మూడో అంతస్తు ఉంది. కలం మూత పెట్టేశారు.

“రాయి నాయుడూ. బ్రేకరు పునఃస్థాపన విషయమై, కామా, ఇరు విభాగముల నుండి స్పష్టత కోరడమైనది. అంతవరకు, కామా, యథాతథ స్థితి.” ఒక్క క్షణం ఆగారు. “ఫుల్‌స్టాప్.”

ఆ స్పష్టత ఇంతవరకూ రాలేదు. పాత బ్రేకరు తిరిగి ఏసీ గదిలోకి వెళ్లింది. నెలకు ఐదుసార్లు పాసవుతోంది. కుసుమ గారి విచారణ పెండింగులో ఉంది. మిగతా నాలుగు బ్రేకర్లూ తెరిచి చూడటానికి ఆవిడ వానాకాలం కోసం ఎదురుచూస్తోంది.

ఆ రోజు జీపు వెళ్లిపోయాక మూడు గంటలకు సన్యాసి వచ్చాడు. చొక్కా నిండా చెమట, చేతుల నిండా నలుపు. చెంబెడు నీళ్లు గడగడా తాగి వరండాలో చతికిలబడ్డాడు.

“విచారణ అయిపోనాదా అమ్మా?”

“లేదు. ఇంకొక అభియోగం కలిసింది. నువ్వు ముందు అన్నం తిను.”

అతను క్యారియరు మూత తీస్తూ, చెప్పాలా వద్దా అన్నట్టు నా వైపు చూసి, తల గోక్కున్నాడు.

“ఆ ఆడోళ్లు అడిగినారమ్మా, కరెంటు ఎవులు ఆపీసినారూ అని. మా అమ్మగోరు పెట్టిన మిసను ఆపీసింది అని సెప్పినాను. గంటన్నర పని పోనాది, మీ అమ్మగోరికి మరేటీ పని నేదా అని ఒకటే తిట్లు.”

కుసుమ గారు ఫైలు మూసి తలెత్తింది.

“ఎంతమంది తిట్టారు?”

“తొమ్మిదిమందీ తిట్టినారు.”

“తొమ్మిదిమందీనా?”

“తొమ్మిదిమందీనమ్మా. ఒక్కర్తీ ఊరుకోనేదు.”

ఆవిడ కుర్చీ వరండాలోకి లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. “ఏమేం తిట్టారో చెప్పు,” అంది, “మొదటి ఆవిడ దగ్గర్నుంచి.”